పంది రూపాయి మీద చేప

చరోదా రైల్వే కాలనీ దాటాక, రైళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా రిటైరైన పోలయ్య ఇంటి వరండా. పొద్దున్న పది దాటింది. బల్ల మీద ఎర్ర గుడ్డ, దాని మీద పాత వెండి రూపాయలు. ఎదురుగా సెక్టర్ 4 నుంచి వాటిని చూడ్డానికి వచ్చిన రాజశ్రీ. లోపల వంటింట్లో పోలయ్య భార్య పార్వతమ్మ.

"...అలగ కాదమ్మా, అంచు పట్టుకోవాల. మొకం మీద ఏలు ఎట్టకూడదు. రాణీగారికి కోపమొస్తాది."

"సారీ తాతా. ఇలగా?"

"ఆఁ, శభాష్! ఇదిగో, విక్టోరియా రాణి. పద్దెనిమిదొందల అరవై రెండు. ఇది నాకెలగొచ్చిందో తెల్సా? కుమ్హారీ కాడ ఒక ముసిల్ది మెళ్ళో రూపాయల దండేసుకుని గేదెల్ని మేపుతున్నాది. 'దాయీ, ఒకటియ్యవే' అన్నాను. 'నా గేదెని పాటలో ఓడించు, ఇస్తాను' అంది."

"గేదెతో పాటా?"

"మరేటనుకున్నావు? అది ఎత్తుకున్నాది, నానూ ఎత్తుకున్నాను. మద్దేనానికి గేదె గొంతు పోయింది. ఇప్పటికీ అరవదంట పాపం. పాలు మాత్రం ఇస్తన్నాదిలే."

"నమ్మకమ్మా, నమ్మకు! ఆ రూపాయికి నా కొత్త కుక్కరిచ్చొచ్చేడు ఈ మహానుబావుడు!"

"పార్వతీ, నీ పప్పు మాడిపోతన్నాది, అది సూసుకో. ... ఇంటావిడమ్మా. రాణీగార్లంటే పడదు ఆవిడికి. సరే, ఈయన్ని సూడు. ఎడ్వర్డు రాజు. తల మీద కిరీటం ఉన్నాదా?"

"లేదు. బట్టతల."

"అదీ! మిగతా అందరికీ ఉన్నాది, ఈయనకొక్కడికే లేదు. ఎందుకంటావ్? అచ్చు కొట్టే కంసాలి ఒచ్చీసరికి రాజుగారు కిరీటం తీసి తల గోక్కుంటన్నాడు. 'ఉండరా, ఎట్టుకుంటాను' అనీలోగా టక్‌మని కొట్టేసేడు. ఇంకేటి సేస్తాడు? లక్షల రూపాయల మీద బోడిగుండే."

"తాతా... నేను వొచ్చింది ఇవి చూడ్డానికి కాదు. వీడియోలో చూపించేరు కదా, అది."

"ఏ వీడియో?"

"ఆంధ్రా సమాజం వాట్సాప్ గ్రూపులో వొచ్చింది. పంది రూపాయి."

"ఓహో! మనోజ్‌కుమార్ తీసినాది. పక్కింటి బాబేలే. నన్ను స్టార్‌ని సేసేసేడు. మొన్న మార్కెట్లో ఒకడు సెల్ఫీ అడిగేడు తెల్సా? అది బయటికి తియ్యను నాను. దానికి వేరే డబ్బా."

"ఒక్కసారి తాతా. ప్లీజ్."

"నువ్వడిగినావు కాబట్టి. ఉండు, తాళం... ఇదిగో. జార్జి ఐదో రాజు. పంతొమ్మిదొందల పదకొండు. భుజం మీద శాలువా సూసేవా? ఆ శాలువా మీద ఏనుగు బొమ్మ ఎయ్యాల. తొండం పొట్టిదైపోయి పందిలాగ కనిపించింది. జనం గోల గోల. 'పందిని జేబులో ఎట్టుకుని మసీదుకెలగెల్తాం, గుడికెలగెల్తాం' అని. సర్కారు ఎనక్కి లాగేసుకుని చాలా మట్టుకు కరిగించేసింది. ఆ ఒక్క ఏడాదే పంది. మరుసటి ఏడుకి మళ్ళీ ఏనుగే."

"అంటే దొరకదా?"

"దొరకడమా! పాయింట్స్ కొడతా, జెండా ఊపతా, పదిహేనేళ్ళు దీని గురించే ఎతికేను. గొందియా ఎల్లేను, నాగపూరెల్లేను. రాజులందరూ ఉన్నారు, ఈ పందొక్కటే లేదు. అన్నం సయించేది కాదు. కల్లోకొచ్చేది."

"వెనక్కి తిప్పండి."

"ఎనకేటుంటాది? వన్ రుపీ ఇండియా అని ఇంగ్లీషు. మామూలే."

"చేప ఉంది. వీడియోలో చూసేను."

"ఆఁ... సేపా! అదో పెద్ద కత. ఇను. బీమిలి కాడ మా మేనమావ వల ఏసేడు. వంజరం పడింది. ఎంత? ఈ వరండా అంత. కోస్తే కడుపులో ఈ రూపాయి! వందేళ్ళు ఆ కడుపులో ఉన్నాది కదా, సేప మనసంతా దీని మీదే. అందుకని దాని బొమ్మ ఎండి మీద దిగిపోనాది. ఇలగ, సుక్కలు సుక్కలుగా."

"మరి పైన, కిరీటం మీద ఈ నల్ల మచ్చ?"

"అదా? కాకి వాలింది."

"కుండె, అదే చిన్న రింగు, అతికిన మచ్చ తాతా. తాడు ఎక్కించుకోడానికి. అది పీకేసి ఆకురాయితో రాసేరు."

"భలే! బాగా తెల్సే నీకు. నువ్వు కూడా జమ సేస్తావేటి?"

"లేదు. నేను ఒక్క రూపాయే వెతుకుతున్నాను. ఇదిగో, ఇది చూడండి."

"ఏటిది?"

"టిఫిన్ డబ్బా మూత. మా ఇంట్లోది. తిప్పి చూడండి."

"ఆఁ, సూసేను."

"ఏముంది?"

"...సేప."

"చుక్కలు చుక్కలుగా."

"గిన్నెల మీద పేర్లు కొట్టేవోడు తిరుగుతాడు కదమ్మా. అందరికీ కొడతాడు."

"అందరికీ పేరు కొడతాడు. మా అమ్మకి చదువు రాదు. 'పేరు కొడితే నాకేటి తెలుస్తాది? సేప కొట్టు, సూస్తే తెలిసిపోవాల' అందంట. పళ్ళేలు, గరిటెలు, అన్నిటి మీదా ఇదే. తోక దగ్గర ఒక చుక్క ఎక్కువ పడింది, మిషన్ జారి. అమ్మ అన్నిటికీ అలాగే కొట్టమంది. ఇదిగో ఆ చుక్క. ఇప్పుడు ఆ రూపాయి మీద చూడండి."

"కళ్ళజోడు లేదమ్మా, ఎక్కడెట్టేనో..."

"మీ ముక్కు మీదే ఉంది తాతా. చుక్క ఉందా, లేదా?"

"ఉంటాదమ్మా, సుక్కదేటుంది. పార్వతీ! టీ ఒస్తాదా రాదా?"

"తాతా, నేను కొనడానికి రాలేదు. కేసు పెట్టడానికీ రాలేదు. మా అమ్మ పేరు అప్పయమ్మ. ఇక్కడే, మూడో లైనులో ఉండేవాళ్ళం. ఆ బిళ్ళ మా అమ్మమ్మది. నేను పుట్టినప్పుడు బాలింతకి గాలి సోకకూడదని నల్ల తాడుకి కట్టి మెళ్ళో వేసింది. అమ్మ ఇంక తియ్యలేదు. నాకు ఏడేళ్ళప్పుడు వెళ్ళిపోయింది."

"ఎల్లిపోయిందంటే?"

"అదే నాకు తెలియాలి. నాన్నతో గొడవైంది. రాయిపూర్‌లో పిన్ని ఇంటికెళ్ళి మూడు రోజులుంది. నాలుగో రోజు తెల్లారకుండా లోకల్ ఎక్కించేను అని పిన్ని చెప్పింది. ఇంటికి రాలేదు. నాన్న పిన్నిని నమ్మలేదు. 'ఎవడితోనో పోయింది, నువ్వు దాస్తున్నావు' అన్నాడు. పరువు పోతుందని రిపోర్టు కూడా ఇవ్వలేదు. నిన్నటికి తొమ్మిది రోజులు, నాన్న పోయి."

"అయ్యో. ఆయనా..."

"రేపు పెద్దకర్మ. అయ్యవారు అడిగేరు. 'మీ అమ్మ పేరు పోయినవాళ్ళలో చెప్పాలా, బతికున్నవాళ్ళలో ఉంచాలా?' అని. బాబాయి కొడుకు సునీల్ కర్మ చేస్తున్నాడు, వాడు నా మొహం చూసేడు. నేనేం చెప్పాలి తాతా? ఇరవై మూడేళ్ళు. పారిపోయినదాని కూతురు అనిపించుకుని పెరిగేను. నేను కూడా తిట్టేను దాన్ని. రోజూ తిట్టేను. చాలు, ఒక్క మాట చెప్పండి. ఈ రూపాయి మీకెక్కడ దొరికింది?"

"దుర్గులో. ఆదివారం సంతలో."

"చేప కడుపులో అన్నారు."

"అది సరదాకి. నిజం దుర్గే. ఒకడు గుడ్డ మీద పోసుకుని అమ్ముతున్నాడు. గెడ్డం. ఒంటికన్ను. పేరు... పేరేటో."

"దుర్గంటన్నావేటి? నాతో డోంగర్‌గఢ్ మెట్ల మీద సాదువిచ్చేడన్నావు కదా. ఇదిగోనమ్మా టీ. నా తమ్ముడితో పూరీలో ఒడ్డుకి కొట్టుకొచ్చిందన్నాడు. ఏటి, ఇదేనా ఆ రూపాయి? ఇన్నేళ్ళలో నన్ను కన్నెత్తి సూడనియ్యలేదు. మనోజ్ బాబు ముందర గొప్పకి పోయి తీసేడు."

"పార్వతీ, నువ్వు లోపలికెల్లు."

"ఎందుకెల్లాల? అమ్మా, నువ్వు ఎవురి గుంటవి? ఎక్కడో సూసిన మొకంలా ఉన్నాది."

"లోకో షెడ్ ఫిట్టర్ లక్ష్మీప్రసాద్ కూతుర్ని అమ్మమ్మా. రాజశ్రీ."

"ఓలమ్మో! అప్పయమ్మ కూతురివా? సేపల బజార్లో నా పక్కనే కూకుని బేరమాడీది మీ యమ్మ. గట్టిది. ఒక్క రూపాయి ఎక్కువియ్యదు. ఓలమ్మ... ఎంతైపోనావే!"

"మీకు తెలుసా మా అమ్మ?"

"తెలవకేటి? మెళ్ళో నల్ల తాడు, దానికి... దానికి ఎండి... ఏటయ్యా. ఏటయ్యా ఇది?"

"ఏదీ?"

"ఇది అప్పయమ్మ బిళ్ళ కాదేటి? వొంగి సేపలేరితే ముందుకి ఏలాడీది. ఎన్నిసార్లు సూసేను! నీ కాడికెలగొచ్చింది?"

"పార్వతీ, ఎండి రూపాయలన్నీ ఒకలాగే ఉంటాయే."

"నా కళ్ళలోకి సూసి సెప్పు. కాలనీ అంతా అన్నారు అది లేచిపోయిందని. నానూ అన్నాను. ఈ నోటితోనే అన్నాను, నలుగుర్లో. నువ్వు పక్కనే కూకుని అన్నం తింటన్నావు. ఒక్క ముక్క మాటాడలేదు. నలబై ఏళ్ళు నీ కతలు ఇన్నాను. నవ్వేను. గేదె పాడిందంటే పాడిందన్నాను. ఇయ్యాల ఒక్కటి, ఒక్కటి నిజం సెప్పు. ఆ గుంట మొకం సూడు."

"తాతా, చెప్పండి. తిట్టను. ఒట్టు."

"...సలికాలం. పొగమంచు. నైట్ డూటీ అయిపోవస్తన్నాది. యార్డులో వేగన్లని ఇటూ అటూ తోస్తా షంటింగు సేస్తన్నారు. అప్పట్లో అందరూ అంతే కదమ్మా, బ్రిడ్జి ఎక్కీవోళ్ళు కాదు. లోకల్ దిగి వేగన్ల కిందనించి దూరి కాలనీకి ఒచ్చేసీవోళ్ళు. నిలబడున్న వేగన్లే అనుకుంటారు. అవి కదలతాయి. సప్పుడు కూడా ఉండదు."

"అమ్మ దూరిందా?"

"కేక ఇనిపించింది. దీపం పట్టుకుని పరిగెట్టేను. నానొక్కణ్ణే ఉన్నాను, యార్డు ఆ సివర."

"తర్వాత?"

"తర్వాతేటుంది తల్లీ. నడుం కింద... వొద్దులే. నానెల్లేసరికి అయిపోయింది. పోయింది."

"బాధ పడిందా?"

"లేదు. లేదమ్మా. టక్‌మని."

"మెళ్ళో ఉందా ఇది?"

"ఉన్నాది. దీపం దాని మీద పడింది. మెరిసింది. రాజు భుజం కనిపించింది. శాలువా మీద... పదిహేనేళ్ళు ఎతికేనమ్మా. ఏటయ్యిందో నాకు తెల్దు. సెయ్యి దానంతటది ఎల్లిపోయింది."

"ఛీ. ఛీ! శవం మెళ్ళోంచి తీసేవా! నీ సేతి ముద్ద తిన్నాను, నీ పక్కన పడుకున్నాను ఇన్నేళ్ళు!"

"ఉండండి అమ్మమ్మా. తాతా, పోలీసులొచ్చేరా?"

"ఒచ్చేరు. ఎవురని అడిగేరు. తెల్దన్నాను. ఒంటి మీద గుర్తులేవైనా ఉన్నాయా అన్నారు. లేవన్నాను. తెల్లారకముందే దుర్గు తీసుకుపోనారు. లావారిస్, నా అనీవోళ్ళు లేని శవం అని రాసుకున్నారు. కాలనీలో ఎవురూ సూడలేదు."

"ఎన్ని రోజులు ఉంచేరు?"

"మూడు రోజులంట. తర్వాత ఆళ్ళే కాల్చేసేరు."

"మూడు రోజులు. మేం ఇక్కడే ఉన్నాం తాతా. నాన్న పనికెళ్ళేడు. నేను స్కూలుకెళ్ళేను. మూడు రోజులు అమ్మ అక్కడ ఒక్కర్తీ ఉంది. ఆ రోజు అమ్మ ఏ వైపు వెళ్తోంది?"

"ఏటి?"

"స్టేషన్ వైపు వెళ్తోందా, స్టేషన్ నుంచి వొస్తోందా? బాగా ఆలోచించి చెప్పండి తాతా. ఇందులో కత వొద్దు."

"ఒస్తన్నాది. రాయిపూర్ లోకల్ అప్పుడే ఎల్లింది. కాలనీ వైపే మొకం. సేతిలో గుడ్డ సంచి. అందులో అరటిపళ్ళు, ఒక పచ్చ గౌను. కొత్తది. సిన్న పిల్లది."

"ఏడవకమ్మా. ఓలమ్మ, నా తల్లీ, ఇటు రా."

"ఏడవట్లేదు అమ్మమ్మా. పిన్ని నిజమే చెప్పింది. పచ్చ గౌను కొన్నాను, అది తీసుకెళ్తోంది అని పిన్ని చెప్పింది. నాన్న పిన్నిని గుమ్మంలోంచే గెంటేసేడు. ఇంటికే వొస్తోంది. అమ్మ ఇంటికే వొస్తోంది."

"పాపిష్టి నోరు నాది. ఏటేటో అన్నాను. క్షమించమ్మా."

"అందరూ అన్నారు. నేనూ అన్నాను కదా. పెళ్ళిచూపుల్లో అమ్మ లేదు అని చెప్తే, 'ఎప్పుడు పోయింది?' అని అడిగేవాళ్ళు. జవాబుండేది కాదు. ఇప్పుడుంది. రేపు అయ్యవారికి చెప్తాను. సునీల్‌తో చెప్పిస్తాను. నాన్న పేరు పక్కన అమ్మ పేరు గట్టిగా చెప్పమంటాను. పిన్నిని కూడా పిలుస్తాను. ముందు పిన్నికే ఫోన్ చెయ్యాలి."

"తీస్కెల్లమ్మా. ఆ రూపాయి తీస్కెల్లిపో. డబ్బా కూడా తీస్కో. ఇవన్నీ తీస్కెల్లిపో, నాకొద్దు."

"ఇవన్నీ నాకెందుకు తాతా? మా అమ్మది చాలు. ఇటివ్వండి. ఎంత బరువుంది! నా చేతిలో ఇమిడేది కాదు చిన్నప్పుడు. తాతా, మీ మీద కోపం లేదని చెప్పను. ఉంది. ఇంటికెళ్ళేక ఇంకా వొస్తుందేమో. కానీ వేరే ఎవడి చేతికో దొరికుంటే కరిగించి పట్టీలు చేయించేవాడు. మీరు దాచుకోబట్టి ఇరవై మూడేళ్ళకైనా మా అమ్మ నాకు దొరికింది. తప్పు చేసేరు. కానీ ఈరోజు నోరు విప్పి చెప్పేరు. ఈ కాలంలో అది కూడా ఎవరూ చెయ్యరు. ఉండండి, లేవకండి."

"ఏటమ్మా, ఏటి సేస్తన్నావు?"

"దండం పెడుతున్నాను. పెద్దవాళ్ళు. అమ్మని ఆఖర్న చూసిన మనిషి మీరొక్కరే. నాన్నకి కూడా ఆ భాగ్యం లేదు."

"వొద్దు. వొద్దమ్మా."

"పరవాలేదు తాతా."

"వొద్దన్నాను కదా! నా కాళ్ళు ముట్టుకోకు! నాను... నాను తియ్యలేదు."

"ఏటి తియ్యలేదు?"

"ఆ బిళ్ళ నాను తియ్యలేదు. తనే తీసి నా సేతిలో ఎట్టింది."

"అదేంటి? మీరెళ్ళేసరికి పోయిందన్నారు కదా."

"పోలేదు. కొంచెం సేపు ఉన్నాది. తెలివిగానే మాటాడింది. 'అన్నా, మూడో లైను, పద్నాలుగో నంబరు. నా కూతురుంటాది, దాని మెళ్ళో ఎయ్యి' అంది. ఏస్తానని సేతిలో సెయ్యేసేను."

"ఏటయ్యా... ఏటంటన్నావు నువ్వు?"

"ఇద్దావనే బయల్దేరేను పార్వతీ. మర్నాడు పొద్దున్నే. దారిలో గుప్పిటిప్పి సూసేను, అంతే."

"లేదు తాతా. మా ఇంటికి ఎవరూ రాలేదు. నాకు బాగా గుర్తు. స్కూలు వేళ తప్పితే నేను గుమ్మం దగ్గరే కూర్చునేదాన్ని. ఎవరూ రాలేదు."

"ఒచ్చేనమ్మా. నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. 'మా అమ్మ కనిపించిందా' అని నువ్వే అడిగేవు. దాహమేస్తన్నాది పాపా అన్నాను. నువ్వు తెచ్చిన మంచినీళ్ళు తాగేసి, ఎల్లిపోనాను."